రెండు గొట్టాల రెగ్యులేటర్: బుడగలు మళ్ళీ వీపు వెనక్కి వెళ్ళాయి

ఇప్పటి డైవర్లకు, సిలిండర్‌లోని గాలిని ఊపిరికి అందించే రెగ్యులేటర్ అంటే నోట్లో కరిచి పట్టుకునే డబ్బా, దానికో సన్న గొట్టం. ఊపిరి వదిలితే బుడగలు చెంపల పక్కనుంచే గలగలమంటూ పైకి పోతాయి. మేం 1970ల మొదట్లో నేర్చుకున్నది దీంతో కాదు. 1943లో ఫ్రెంచివాళ్ళు కూస్తో, గాన్యాన్ నీళ్ళలో ఊపిరి పీల్చడానికి చేసిన ఆక్వాలంగ్ వంశానిది మా సరంజామా. సిలిండర్ తలకు బిగించిన గుండ్రటి డబ్బా, దాన్నుంచి భుజాల మీదుగా నోటికొచ్చే ముడతల గొట్టాలు రెండు. కుడి దాంట్లో గాలి వస్తుంది, ఎడమ దాంట్లో పోతుంది. బుడగలన్నీ వీపు వెనకే. ముఖం ముందు చడీచప్పుడూ ఉండదు.

తాబేలు మేస్తుంటే నేను మొదటిసారి విన్నది అలాంటప్పుడే. అవును, వినడమే. సముద్రగడ్డిని గ్రీన్ టర్టిల్ అనే సముద్రపు తాబేలు కొరుకుతుంటే పర్... పర్... మని, పక్కన ఆవు మేస్తున్నట్టే ఉంటుంది. ఆ చప్పుడు మళ్ళీ వినాలనే, ఈ వయసులో, పాత నమూనాలో కొత్త సరుకు వేసి తయారుచేసిన రెండు గొట్టాల రెగ్యులేటర్ తెప్పించుకున్నాను. ఆరు డైవ్‌లయ్యాక రాస్తున్నాను.

ముందుగా, జ్ఞాపకం ఎంత అబద్ధాలకోరో చెప్పాలి. ఇది హాయిగా ఊపిరినిచ్చేదని యాభై ఏళ్ళుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. కాదు. బోర్లా ఈదుతున్నప్పుడు డబ్బా వీపు మీద, అంటే ఊపిరితిత్తులకంటే జానెడు పైన ఉంటుంది. అక్కడ నీటి ఒత్తిడి తక్కువ, లాగితేగానీ గాలి రాదు. వెల్లకిలా తిరిగామా, అడక్కుండానే గాలి నోట్లోకి తోసుకొస్తుంది. మొదటి డైవ్‌లో ఇరవై నిమిషాలకే దవడ లాగేసింది. నోట్లో నీళ్ళు చేరితే ఎడమవైపుకు ఒరిగి ఊదాలి, నీళ్ళు ఎడమ గొట్టంలోంచి పోతాయి. ఈ ఒరగడం మాత్రం ఒళ్ళు మరిచిపోలేదు, మెదడుకంటే ముందే చేసేసింది.

గొట్టాలు సిలికాన్‌వి. పాత రబ్బరు వాసన లేదు, ఆ చేదూ లేదు. నిజం చెప్పాలంటే కాస్త వెలితిగా అనిపించింది.

అసలు మెచ్చుకోవాల్సింది డబ్బాకు అదనంగా పెట్టిన పోర్టులు. ప్రెజర్ గేజ్, రెండో నోటి ముక్క, జాకెట్‌లోకి గాలి ఊదే గొట్టం, మూడూ తగిలించుకోవచ్చు. మాకు గేజ్ లేదు. గాలి ఎంత మిగిలిందో చెప్పే నాథుడు లేడు. సిలిండర్ మీద జె-వాల్వ్ ఉండేది. గాలి ఒత్తిడి 300 పీఎస్ఐ దాకా పడిపోతే ఊపిరి బిగుసుకునేది, అప్పుడు లివర్ కిందికి లాగితే మిగిలిన ఆ కాస్త వదిలేది. ఒకసారి తాబేలు వెనకాల పోయి పోయి, ఊపిరి బిగుసుకున్నాక చెయ్యి వెనక్కి పెడితే లివర్ అప్పటికే కిందికి దిగి ఉంది. ఎక్కడో రాయికి తగిలినట్టుంది, ఆ మిగులు గాలి కూడా ఎప్పుడో పీల్చేశానన్నమాట. మా గురువు తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టి, వంతులవారీగా పీలుస్తూ పైకి తెచ్చాడు. పడవెక్కాక ఒకే మాట: “ఒరేయ్, తాబేలుకైతే ఎప్పుడు పైకి రావాలో తెలుసు.”

ఆ రోజు నేను దాని వెంట పడింది చూడ్డానికి కాదు, డిప్ప పట్టుకుని లాగించుకుంటూ పోవడానికి. అలాంటి ఫోటో ఒకటి ఇంకా నా దగ్గరుంది. అదీ ఊపిరి కోసం పైకి పోవాలనీ, మేం దాని టైమ్ తినేస్తున్నామనీ తట్టలేదు.

అదే మనుషులం రాత్రిళ్ళు ఒడ్డున తాబేళ్ళను కాపాడేవాళ్ళం కూడా. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తాబేళ్ళ పరిశోధకుడు ఆర్చీ కార్, కోస్టారికాలోని టోర్టుగేరో తీరంలో 1950ల్లో మొదలుపెట్టిన, తాబేళ్ళను గుర్తుపట్టడానికి ట్యాగులు వేసే పద్ధతే మాదీ. ఆయన మొదట ట్యాగులను డిప్పకు తీగతో కడితే ఊడిపోయాయి. ఆ తర్వాత పశువుల చెవులకు వేసే లోహపు ట్యాగులను ముందు రెక్కకు వేశారు. పట్కారు నొక్కితే కటుక్కుమనేది, తాబేలు ఉలిక్కిపడేది, మనకూ ప్రాణం ఉసూరుమనేది. గుడ్లను థర్మోకోల్ పెట్టెల్లో ఇసుక పోసి దాచేవాళ్ళం. పిల్లలు బయటికొస్తే చప్పట్లు. తర్వాత తెలిసింది, పిల్ల ఆడో మగో తేల్చేది గూటి వేడి అని. వేడెక్కువైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి. పెట్టెలు ఇసుక తీరంకంటే చల్లన. మేం మగవాటినే పొదిగించి మురిసిపోయామన్నమాట. అప్పటి తొందరను తప్పు పట్టలేను. మెక్సికోలోని రాంచో న్యూవోలో 1947 నాటి ఫిల్మ్‌లో ఒక్కరోజు తీరానికొచ్చిన కెంప్స్ రిడ్లీ జాతి తాబేళ్ళను సుమారు 40,000గా లెక్కగట్టారు. 1985లో ఏడాది మొత్తానికి లెక్కకొచ్చినవి 702 గూళ్ళు.

మళ్ళీ రెగ్యులేటర్ సంగతి. ఐదో డైవ్‌లో గడ్డిలో మేస్తున్న గ్రీన్ టర్టిల్ కనబడింది. రెండు బారల దూరంలో ఆగిపోయి చేతులు కట్టుకున్నాను. అది తలెత్తి చూసింది, మళ్ళీ మేత. పర్... పర్... నేను ఊపిరి వదిలినా బెదరలేదు. తొమ్మిది నిమిషాలకు అదే లేచి పైకి పోయింది. గేజ్‌లో నాకింకా సగం సిలిండర్ ఉంది.

ఫిర్యాదు ఒకటుంది, చిన్నది కాదు. నోటి ముక్కకు ఇరుపక్కలా ఉండే పల్చటి రబ్బరు వాల్వుల్లో కుడిది ముడతపడి వచ్చింది. అలాగైతే వదిలిన ఊపిరి కుడి గొట్టంలోకే వెనక్కి వెళ్ళి, మళ్ళీ మనమే పీలుస్తాం. కొలనులో తలనొప్పి వచ్చి విప్పి చూస్తే తెలిసింది. అమ్మినవాళ్ళు వాల్వు మార్చి పంపారు గానీ, దీన్ని పరీక్షించాలన్న ముక్క కాగితంలో ఎక్కడా లేదు. తెప్పించుకుంటే ముందు గొట్టాలు విప్పి, రెండు వైపులా ఊది చూసుకోండి. డైవింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు.

డైవ్ అయ్యాక మంచినీళ్ళతో కడిగి, గొట్టాలు విప్పి తలకిందులుగా వేలాడదియ్యాలి, లేకపోతే ముడతల్లో నీళ్ళు నిలుస్తాయి. నావి ఇప్పుడు బాత్రూమ్ తలుపుకు వేలాడుతున్నాయి, రెండు ఏనుగు తొండాల్లా. మనవరాలు వచ్చినప్పుడల్లా ఒకదాన్ని చెవికి పెట్టుకుని, ఇంకోదాంట్లో నన్ను మాట్లాడమంటుంది.