షుగర్ పాదాలకు ఎమ్‌సీఆర్ చెప్పులు: కొనేముందు చూడాల్సినవి

స్పర్శ తగ్గిన కాళ్లకు ఎమ్‌సీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు మంచి ఎంపికే. పుండు పడ్డాక మాత్రం ఇవి చాలవు, డాక్టరుకు చూపించాల్సిందే. లోపలి మెత్తటి రబ్బరు ఒత్తిడిని అరికాలంతా పంచుతుంది. కింది సోల్ గట్టిగా ఉండాలి. లేదంటే ముల్లు దిగినా తెలియదు. మేకులు కొట్టినవి వద్దు. మడమ వెనక పట్టీ తప్పనిసరి, అది లేకపోతే చెప్పు జారిపోయినా కాలికి తెలియదు. బొటనవేలి సందులో పట్టీ ఉన్న మోడల్ కూడా అమ్ముతున్నారు, ఎందుకో మరి! చర్మం ఒరుసుకుపోయేది అక్కడే.

సాయంత్రం, పాదం కాస్త ఉబ్బాక కొలత చూడండి. మొదటిరోజు గంటసేపు వేసుకుంటే చాలు. విప్పిన అరగంటకూ ఎర్రమచ్చ పోలేదంటే సైజు తప్పు. రబ్బరు అణిగి గుంట పడితే అది ఇక మామూలు చెప్పే.