పెద్ద సర్కారు ఆఫీసు: కూల్చి కట్టాలా, బాగుచేయాలా, కుదించాలా? ఏది మేలు?

విశాఖలో రుషికొండ మీది భవనాలను ఏం చేయాలన్న చర్చ 2024లో మొదలైనప్పటి నుంచి చాలామంది నన్ను అడిగేది ఒకటే. అవసరానికి మించిన ప్రభుత్వ భవనాల కరెంటు ఖర్చు తగ్గాలంటే గ్రీన్ బిల్డింగ్ కట్టుకోవడం మేలా, ఉన్నదానికే కొత్త ఏసీలు, సోలార్ పెట్టడం మేలా అని. ఎనర్జీ ఆడిట్ (భవనాల్లో కరెంటు వాడకాన్ని లెక్కగట్టే) పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు మూడో దారి కూడా కనిపిస్తుంది: వాడే జాగాను తగ్గించుకోవడం. నా మొగ్గు అటే.

కొత్త భవనంలో లాభం లేదని కాదు. భవనాల్లో కరెంటు పొదుపు కోసం పెట్టిన ఈసీబీసీ నిబంధనల ప్రకారం గోడలు, కిటికీలు, నీడ అన్నీ మొదటి నుంచే సరిగ్గా పెట్టుకోవచ్చు. కానీ మన ఊళ్లో సముద్రం ఆగ్నేయాన ఉంది. సముద్రం కనబడాలని అటంతా అద్దాలు పెడితే పొద్దుటి ఎండ నేరుగా లోపలికొస్తుంది. అద్దాలు బిగించేశాక మధ్యాహ్నం వీచే సముద్రపు గాలికి దారుండదు. అద్దాల భవనాల గతి ఏమవుతుందో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూపించనే చూపించింది. పైగా సిమెంటు, స్టీలు తయారీలో వెలువడే కార్బన్ భవనం తెరవకముందే గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఏటా మిగిలే కరెంటుతో దాన్ని పూడ్చడానికి చాలా ఏళ్లు పడుతుంది. పాత కట్టడం ప్రమాదకరంగా ఉంటే తప్ప కూల్చమని నేను చెప్పను.

బాగుచేయడం మంచిదే, వెంటనే చేయాలి కూడా. 75 వాట్ల ఫ్యాను తీసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, చోక్ ఉన్న ట్యూబులైటు తీసి 20 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాలి. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. బీచ్ రోడ్డు వైపు ఆఫీసులైతే ఉప్పుగాలికి తట్టుకునే పూత ఉన్న కాయిల్ అడగండి, లేకపోతే అవుట్‌డోర్ యూనిట్ తొందరగా తుప్పుపట్టిపోతుంది.

సోలార్ మీద మాత్రం పెద్ద ఆశలు వద్దు. పది అంతస్తులున్నా డాబా ఒక్కటే. వెయ్యి చదరపు మీటర్ల డాబాలో సగం దొరికితే 50 కిలోవాట్లు, రోజుకు సుమారు 200 యూనిట్లు. కిందున్న పది వేల చదరపు మీటర్లు ఏడాదికి 10 లక్షల యూనిట్లు తాగుతుంటే, పైనుంచి వచ్చేది 7 శాతమే.

అసలు తేడా అంతా లెక్కగట్టే తీరులో ఉంది. బీఈఈ స్టార్ రేటింగ్ చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లని చూస్తుంది. ఉదాహరణకు, 250 మంది పనిచేసే ఆఫీసు పది వేల చదరపు మీటర్లలో, చదరపు మీటరుకు 100 యూనిట్లు వాడుతోందనుకోండి. అదే 250 మంది మూడు వేల చదరపు మీటర్లలో సర్దుకుని, మీటరుకు 120 వాడారనుకోండి. రేటింగ్‌లో మొదటిదే మెరుగు. మనిషికి పంచి చూస్తే మొదటిది 4,000 యూనిట్లు, రెండోది 1,440! ఖాళీ హాళ్లు, మనుషులు నడవని కారిడార్లు సగటును తగ్గించి భవనాన్ని పొదుపుగా చూపిస్తాయి. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. మనిషికెంత అన్న లెక్క లేని ఏ నివేదికనూ నేను నమ్మను.

మన జిల్లానే చూడండి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాక, 11 వేల చదరపు కిలోమీటర్లు దాటిన విశాఖ జిల్లా సుమారు వెయ్యికి వచ్చింది. సిబ్బందిలో కొందరు, ఫైళ్లలో కొన్ని అటు వెళ్లాయి. మరి ఉమ్మడి జిల్లాకని తీసుకున్న గదులన్నీ ఇంకా అవసరమేనా? ఏ శాఖకు ఆ శాఖ ఈ లెక్క తీయాలి.

కుదించడమంటే పై అంతస్తులకు తాళం వేయడం కాదు. మన ఉక్కలో మూసిన గది ఒక్క వానాకాలానికే బూజు పడుతుంది. సెక్షన్లన్నీ రెండు మూడు అంతస్తుల్లోకి తెచ్చి, మిగతావి అద్దె భవనాల్లో నడుస్తున్న మరో శాఖకు ఇవ్వాలి. సెంట్రల్ ఏసీ ఉంటే ఇది మరీ అవసరం. నిండు భవనానికని తెచ్చిన చిల్లర్ (సెంట్రల్ ఏసీకి చల్లటి నీళ్లందించే యంత్రం) పాతిక శాతం లోడు మీద నడిస్తే, పాత రకాల్లో ప్రతి యూనిట్‌కూ వచ్చే చల్లదనం తగ్గిపోతుంది. జనం ఎదురుచూసే చోటు వరండాల్లో, ఫ్యాన్ల కింద ఉంటే చాలు. పెద్ద అధికారుల చాంబర్లు చిన్నవి చేయడమే అన్నిటికంటే కష్టం. ఆ ఉత్తర్వు పైనుంచే రావాలి.

ఆసుపత్రులకు ఈ సలహా వర్తించదు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) లాంటి చోట జాగా కంటే జనమే ఎక్కువ. ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూల ఏసీని తగ్గించే మాటే లేదు. అక్కడ మంచి ఫ్యాన్లు, లైట్లు, చిల్లర్ల మీదే డబ్బు పెట్టాలి.