తైపీలో రేగుపళ్ల ఆట

సంక్రాంతి సెలవుల్లో సింగపూర్ మీదుగా తైవాన్ రాజధాని తైపీ వెళ్లాం. మావారికి బీచ్ ఉన్న ఊరు కావాలి. నేనే పట్టుబట్టి తైపీ అన్నాను. అక్కడి నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో సు హాన్‌చెన్ వేసిన పిల్లల బొమ్మ చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఆయన 12వ శతాబ్దంలో చైనాని ఏలిన సాంగ్ రాజుల ఆస్థాన చిత్రకారుడు. పట్టుగుడ్డ మీద దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న బొమ్మ: శరత్కాలం, తోటలో పెద్ద రాయి, పూలు, పీట దగ్గర ఆటలో మునిగిపోయిన అక్కా తమ్ముడు.

తీరా వెళ్తే బొమ్మ లేదు! తప్పు నాదే. ఇంత పాత పట్టు చిత్రాలు వెలుతురుకి పాడైపోతాయని కొన్ని వారాలే బయట పెట్టి, మళ్లీ ఏళ్ల తరబడి చుట్టి దాచేస్తారు. ఏ రోజుల్లో ఏం పెడతారో మ్యూజియం వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. నేను విమానం టికెట్లు చూశాను గానీ అది చూడలేదు. మావారు ఏమీ అనలేదు, కాకపోతే రెండు రోజులు అదో రకంగా నవ్వుతూ తిరిగారు.

అయినా పూర్తిగా వట్టి చేతులతో రాలేదు. బోర్లా పడుకున్న పిల్లాడి ఆకారంలో, తెల్ల పింగాణీతో చేసిన తలగడ ఒకటి ఉంది. అదీ సాంగ్ కాలానిదే. వాడి వీపే తలగడ. "పడుకుంటే వాడికి నొప్పెట్టదా అమ్మా?" అని మా పాప ఆ అద్దం ముందు నుంచి కదల్లేదు. జనమంతా పచ్చరాతిలో చెక్కిన క్యాబేజీ దగ్గర క్యూ కడతారు. నన్నడిగితే ఆ టైం ఈ పిల్లాడికి ఇవ్వండి.

షిలిన్ మెట్రో స్టేషన్‌లో దిగితే మ్యూజియం గుమ్మం దాకా బస్సు దొరుకుతుంది, టాక్సీ దండగ. సోమవారం సెలవు. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. జనవరిలో సన్నగా ముసురు పడుతూనే ఉంటుంది, గొడుగు ఉండాల్సిందే.

బస మాత్రం దెబ్బకొట్టింది. షిమెన్‌డింగ్‌లో చవగ్గా వచ్చిందని బుక్ చేసిన గదికి కిటికీ లేదు. తెల్లారిందో లేదో ఫోన్ చూసి తెలుసుకోవాలి. వెజ్ టిఫిన్ అన్నారు, అందులో గుడ్డు. మూడో రోజు షిలిన్ వైపు చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. డబ్బు కాస్త ఎక్కువైనా ప్రాణం లేచొచ్చింది. తిండికి భయం లేదు, శాకాహార బఫేలు చాలానే ఉన్నాయి, ప్లేటు తూచి డబ్బు తీసుకుంటారు. కూరల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయని చోట్లున్నాయి. మా అత్తగారొచ్చినా తినగలరు.

ఆ రాత్రి అదే బొమ్మని ల్యాప్‌టాప్‌లో చూశాం. మ్యూజియం వాళ్లు పెద్ద సైజు ఫొటోలు ఉచితంగా పెట్టారు. అసలు బొమ్మ ముందు నిలబడ్డా ఇంత దగ్గరగా చూడనిచ్చేవారు కాదు. నేల మీద వదిలేసిన, వాయించే తాళాల జత, ఒక్కో వెంట్రుకా గీసిన పిలకలు. పీట మీద ఆడుతున్నదేమిటో అప్పుడు తెలిసింది: రేగుపళ్లు! ఒక పండుకి పైసగం కండ తీసేసి గింజ మొన బయటపెడతారు, కింద మూడు పుల్లలు కాళ్లు. సన్నటి వెదురు బద్దకి రెండు కొసలా రెండు పళ్లు గుచ్చి, ఆ మొన మీద నిలబెట్టి తిప్పుతారు.

తైపీ బజార్లో అప్పుడు రేగుపళ్ల సీజనే. కోడిగుడ్డంత ఉంటాయి. భోగిపళ్లుగా తల మీద పోస్తే బొప్పి కడుతుంది! పాప గొడవ పడలేక ఒకటి చెక్కి చూశాం, బరువుకి కూలబడింది. మర్నాడు డిహువా వీధిలో ఎండు సరుకుల కొట్లో చిన్న ఎర్ర రేగుపళ్లు కొన్నాం, ఇవి చైనా రకం. రాత్రి బజార్లో తిన్న చిరుతిండి తాలూకు వెదురు పుల్లని మావారు నిలువునా చీల్చారు. బద్ద వంపు లేకుండా తిన్నగా ఉంటే నిలవలేదు. విల్లులా వంచి, పళ్లు మొనకంటే కిందికి వేలాడేలా చేస్తే నిలిచింది. పాప వేలితో తట్టింది. నాలుగు చుట్లు తిరిగి మంచం కిందికి దొర్లిపోయింది.

"మళ్లీ" అంది.