అటోర్వాస్టాటిన్ 10: నాలుగేళ్లు వాడాక

మొదటిసారి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించింది 2021లో. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 171 వచ్చింది. అంత ఎక్కువంటే నమ్మబుద్ధి కాలేదు. బక్కపలుచని మనిషిని, రోజూ పొద్దున్నే వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద నడుస్తాను, ఒంట్లో ఏ బాధా లేదు. మా బాపు 51 ఏళ్లకే గుండెపోటుతో పోయారని చెప్పగానే డాక్టర్ రోజుకొకటి చొప్పున కొలెస్ట్రాల్ తగ్గించే ఈ అటోర్వాస్టాటిన్ గోలీ రాశారు.

మూడు నెలలకు 106కు దిగింది. అప్పటికి తిండిలో నేను మార్చింది ఏమీ లేదు. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లే, ముఖ్యంగా కాలేయం, తయారు చేసుకుంటుంది. ఈ మందు ఆ తయారీని తగ్గిస్తుంది కాబట్టి, కాలేయం తనకు కావలసింది రక్తంలోంచి లాక్కుంటుంది.

మరుసటి ఏడాది పిక్కలు లాగడం మొదలైంది. "ఏ నొప్పీ లేనోనివి గోలీలెందుకు, లివర్ ఖరాబైతది" అని పక్కింటాయన అంటే, ఇంట్లో కూడా చెప్పకుండా మానేశాను. రెండు నెలల తర్వాత టెస్టులో 163! పిక్కల నొప్పి మాత్రం అలాగే ఉంది. డాక్టర్ కోప్పడలేదు. సీకే (కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే రక్తపరీక్ష), లివర్ టెస్టులు చేయించారు, రెండూ నార్మల్. అరిగిన బూట్లు మార్చాక నొప్పి తగ్గింది. ఈ మందుతో కొందరికి కండరాల నొప్పులు వచ్చే మాట నిజమే, కానీ మానేముందు అడగాల్సింది. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అన్నీ గోలీతోనే తగ్గవు. నా ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని మరో రకం కొవ్వు) 240 నుంచి 150కి వచ్చింది రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలకు మారాకే. సంక్రాంతికి అవ్వ గుడ్డ పరిచి, నువ్వులు, వాము కలిపిన పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ సకినాలు చుడుతుంటే తినకుండా ఉండలేను. నాలుగు తింటాను. "దీంట్ల కొలెస్ట్రాల్ లేదంట బిడ్డా" అని నూనె ప్యాకెట్ చూపిస్తుంది. ఏ మొక్క నూనెలోనైనా కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది ఎల్‌డీఎల్‌ను పెంచే సాచురేటెడ్ ఫ్యాట్ ఎంతో. పామాయిల్‌లో దాదాపు సగం అదే.

మొన్నటి రిపోర్టులో ఎల్‌డీఎల్ 98. మేడారం జాతరకు పోయినా గోలీల షీటు సంచిలోనే ఉంటుంది. తమ్ముడికి 40 దాటాయి, ఇంకా ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు. వచ్చే ఆదివారం వాణ్ణి పరగడుపున ల్యాబ్‌కు నేనే తీసుకెళ్తున్నాను.