నాన్నగారి పటం కట్టించిన స్టూడియో

నాలుగేళ్లపాటు వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుని నాన్నగారు కన్నుమూశారు. ఫోన్‌లో మిగిలిన ఫొటోలన్నింటిలోనూ ఉబ్బిన ముఖం, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా దగ్గర తాళ్లలా తేలిన ఎడమచేతి నరాలే కనిపిస్తున్నందున, సంవత్సరీకానికి పటం కట్టించేందుకు 1994 నాటి పెళ్లి గ్రూపు ఫొటోను రాజమహేంద్రవరంలో మా వీధి చివరి స్టూడియోకు ఇచ్చాము. తొలి నమూనాలో ఆయనను తెల్లగా, నున్నగా చేసి, గడ్డం కింది గాటును కూడా చెరిపివేశారు. అది చిన్నప్పుడు గోదావరి రేవు మెట్ల మీద జారిపడినప్పటిదని చెప్పగా, అక్కడి కుర్రవాడు విసుక్కోకుండా రెండుసార్లు సరిదిద్ది, చామనఛాయను, గాటును, కుడివైపుకు కాస్త ఒరిగిన కళ్లజోడును యథాతథంగా తిరిగి తెచ్చాడు. 12×18 అంగుళాల పటానికి 1,800 రూపాయలు తీసుకున్నారు. ఆ పనికి అది ఎక్కువేమీ కాదు. అయితే వారంలో ఇస్తామన్నది పదిహేను రోజులు పట్టింది. అద్దం మామూలుది కావడంతో, సాయంత్రం దీపం పెట్టినప్పుడు వెలుగు దాని మీద పడి కళ్లు కనిపించవు. వెనుక కొక్కెం బలహీనంగా ఉంటుంది, అక్కడే మార్పించుకోండి. అమ్మ మాత్రం పటాన్ని చాలాసేపు చూసి, "కళ్లజోడు సరిచేసుకోమని ఎన్నిసార్లు చెప్పానో" అన్నది.