కరెంటు పోయినా టైమ్ తప్పకూడదంటే ఏ ఆర్‌టీసీ మేలు?

ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్) అంటే ఎలక్ట్రానిక్ బోర్డు మీద తేదీ, టైమ్ లెక్కపెట్టే గడియారం. బోర్డుకి కరెంటు తీసి మళ్ళీ పెట్టగానే తేదీ 2000 జనవరి 1కి వెళ్ళిపోతే అది ఒక జబ్బు. తేదీ నిలిచి, నెల తిరిగేసరికి టైమ్ నిమిషం వెనకబడితే అది వేరే జబ్బు. మొదటిదానికి మందు బ్యాటరీ, రెండోదానికి మంచి క్రిస్టల్ (కంపిస్తూ గడియారాన్ని నడిపే చిన్న భాగం). ఈ రెండూ కలిపేసుకుని "మంచి ఆర్‌టీసీ ఏది?" అని అడిగితే జవాబు తేలదు.

చాలామంది మొదట కొనే ఆర్‌టీసీ చిప్ డీఎస్1307. దీనికి 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ బయట తగిలించాలి. ఈ క్రిస్టళ్ళలో మామూలుగా దొరికేవి ±20 పీపీఎం తేడావి. 1 పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు, రోజుకి 0.0864 సెకను. కాబట్టి 20 పీపీఎం అంటే రోజుకి 1.7 సెకన్లు, నెలకి 52 సెకన్ల దాకా తేడా రావచ్చు. అదీ 25 డిగ్రీల దగ్గర ఉంటేనే. అక్కడి నుంచి ఎన్ని డిగ్రీలు జరిగితే ఆ అంకెను వర్గం చేసి 0.034తో గుణించండి, అన్ని పీపీఎంలు క్రిస్టల్ స్లో అవుతుంది. మూత పెట్టిన డబ్బాలో 45 డిగ్రీలుంటే 20 వర్గం 400, అంటే 13.6 పీపీఎం. రోజుకి ఇంకో 1.2 సెకన్లు పోయినట్టే. ఎండాకాలం పోయింది చలికాలం సర్దుకుంటుందిలే అనుకోవడానికి కూడా లేదు. వేడికీ స్లోనే, చలికీ స్లోనే.

దీనికి ఇంకో చిక్కుంది. సప్లై వోల్టేజి బ్యాటరీ వోల్టేజికి 1.25 రెట్ల కన్నా తగ్గితే డీఎస్1307 బయటి నుంచి ఎవరినీ లోపలికి రానివ్వదు. 3 వోల్టుల సెల్ ఉంటే ఆ హద్దు 3.75 వోల్టులు. 3.3 వోల్టుల బోర్డుతో నడపబోతే చిప్ పలకదు. వైరింగ్ తప్పేమోనని వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

అందుకే కొత్తగా కొనేవాళ్ళకి నా మాట డీఎస్3231. క్రిస్టల్ చిప్ లోపలే ఉంటుంది, పక్కనే టెంపరేచర్ సెన్సార్ ఉంటుంది. 64 సెకన్లకోసారి వేడి కొలిచి, ఆ మేరకు ఆసిలేటర్‌ని (క్రిస్టల్‌ని కంపింపజేసే సర్క్యూట్‌ని) సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య ±2 పీపీఎం, అంటే ఏడాదికి నిమిషం పైచిలుకు. చిప్ పేరు చివర 'ఎమ్' ఉందేమో మాత్రం చూసుకోండి. డీఎస్3231ఎమ్‌లో క్రిస్టల్ బదులు మెమ్స్ రెసొనేటర్ (సిలికాన్‌తో చేసిన అతి చిన్న కంపించే భాగం) ఉంటుంది, దాని తేడా ±5 పీపీఎం. చాలా పనులకి అదీ చాలు, కాకపోతే రెండూ ఒకటి కావు.

చిప్ మంచిదే, అది కూర్చున్న మాడ్యూల్‌ని మాత్రం నమ్మడానికి లేదు. జెడ్ఎస్-042 అని రాసి ఉండే చవక బోర్డు మీద 200 ఓమ్‌ల రెసిస్టర్, ఒక డయోడ్ కలిసి సెల్‌ని చార్జ్ చేస్తుంటాయి. చార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 కోసం పెట్టిన దారి అది. మనం అందులో పెట్టేది చార్జ్ చేయకూడని సీఆర్2032. 5 వోల్టులిస్తే డయోడ్ దాటాక కూడా 4.4 వోల్టుల దాకా మిగిలి సెల్‌లోకి కరెంటు తోస్తుంది. సెల్ ఉబ్బొచ్చు, లీకవ్వొచ్చు. ఆ రెసిస్టర్‌నో డయోడ్‌నో ముందే పీకేయండి.

సొంతంగా పీసీబీ గీసుకునేవాళ్ళకి ఎస్‌టీఎమ్32 మైక్రోకంట్రోలర్ లోపలి ఆర్‌టీసీ సరిపోతుంది. బ్యాటరీ కోసం ఉన్న వీబ్యాట్ పిన్‌కి సెల్, పక్కన చిన్న క్రిస్టల్ పెడితే వేరే చిప్ అక్కర్లేదు. ఈ కుటుంబంలోని ఎఫ్103 చిప్ సెల్ నుంచి లాగేది సుమారు 1.4 మైక్రో ఆంపియర్లు. 220 మిల్లీ ఆంపియర్ అవర్ల సీఆర్2032 లెక్క ప్రకారం దాదాపు 18 ఏళ్ళు రావాలి. సెల్ అంతకుముందే ముసలిదవుతుంది, అది వేరే సంగతి. అయితే వేడికి సర్దుకునే ఏర్పాటు ఇందులో లేదు కాబట్టి, పైన చెప్పిన 0.034 లెక్క దీనికీ తప్పదు. ఎఫ్103లో తేదీ కూడా జాగ్రత్త: హార్డ్‌వేర్‌లో ఉన్నది ఒట్టి సెకన్ల కౌంటర్, చిప్ కంపెనీ ఇచ్చే హాల్ లైబ్రరీ తేదీని ర్యామ్‌లో ఉంచుతుంది. కరెంటు పోయొస్తే గంటలు నిలుస్తాయి, తేదీ పోతుంది. కౌంటర్‌లోనే యూనిక్స్ టైమ్ (1970 జనవరి 1 నుంచి సెకన్ల లెక్క) పెట్టుకోవడం తేలిక.

వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు వాడేవాళ్ళు "ఎన్‌టీపీ ఉండగా ఆర్‌టీసీ ఎందుకు?" అంటారు. ఎన్‌టీపీ అంటే నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి. నెట్ ఉన్నంతసేపూ నిజమే. కానీ బోర్డుకి కరెంటు పోయినప్పుడు చాలాసార్లు రూటర్‌కీ పోతుంది. తిరిగి వచ్చాక బోర్డు క్షణంలో లేస్తుంది, రూటర్‌కి నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. ఈలోపు రాసిన లాగ్ అంతా 1970 తేదీతో ఉంటుంది. కాబట్టి టైమ్ నిలపడానికి డీఎస్3231, అప్పుడప్పుడు దిద్దడానికి ఎన్‌టీపీ ఉండాలి. తేడా ఒకేలా వస్తుంటే చిప్‌లోని ఏజింగ్ రిజిస్టర్‌తో (గడియారం వేగాన్ని సర్దే అంకె రాసే చోటు) సరిచేయొచ్చు. వారానికి 0.6 సెకను ముందుకెళ్తుంటే అది 1 పీపీఎం. రిజిస్టర్‌లో ఒక్కో మెట్టు దాదాపు 0.1 పీపీఎం, కాబట్టి +10 రాస్తే సరి.

సెల్ మార్చే గొడవ వద్దంటే సూపర్ కెపాసిటర్ ఉంది. 0.1 ఫారడ్‌ది, 1 వోల్టు తగ్గేదాకా, 1 మైక్రో ఆంపియర్ లాగితే దాదాపు 28 గంటలు వస్తుంది. అదీ కాగితం మీద. దాని సొంత లీకేజీ అందులోంచి కోసుకుంటుంది. కొద్ది గంటల కోతలకే ఇది పనికొస్తుంది.

ఇంత చేసి కోడ్ దగ్గర దెబ్బతినేవాళ్ళున్నారు. ఉదాహరణ స్కెచ్‌లో (ఆర్డునో ప్రోగ్రామ్‌లో) కంపైల్ టైమ్‌ని, అంటే ఆ ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో తయారైన సమయాన్ని, ఆర్‌టీసీలో రాసే లైన్ సెటప్‌లో అలాగే వదిలేస్తే, కరెంటు వచ్చిన ప్రతిసారీ గడియారం కంపైల్ చేసిన నిమిషానికి వెళ్ళిపోతుంది, నింద సెల్ మీద పడుతుంది. డీఎస్3231 స్టేటస్ రిజిస్టర్‌లో ఆసిలేటర్ ఎప్పుడైనా ఆగిందా అని చెప్పే బిట్ ఒకటుంది. ముందు అది చదవండి. 1 ఉంటేనే టైమ్ రాసి, ఆ బిట్‌ని 0 చేయండి. 0 ఉంటే గడియారాన్ని ముట్టుకోకండి.