మౌస్ కదలని క్లోన్‌జిల్లాతో రెండేళ్లు

డిస్క్ బ్యాకప్ తీసే క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌ను మొదటిసారి తెరిచినప్పుడు కంప్యూటర్ పాడైందేమో అనుకున్నాను. తెర మీద ఒక పెట్టె, దాని నిండా అక్షరాలు. మౌస్ ఎంత కదిపినా లాభం లేదు. "అక్కా, మౌస్ వదిలెయ్. బాణం కీలతో కదులు, స్పేస్ నొక్కితే ఎంచుకున్నట్టు గుర్తు పడుతుంది, ఎంటర్ కొడితే ముందుకెళ్తుంది" అన్నాడు మా తమ్ముడు ఫోన్‌లో. నేను పొందిన శిక్షణ అంతే. అయినా రెండేళ్లుగా దాన్నే వాడుతున్నాను.

నాది డీటీపీ పని. చేసిన ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉంటాయి, వాటిని రోజూ బయటి డిస్క్‌లోకి కాపీ చేస్తాను. సి డ్రైవ్ సంగతి వేరు. విండోస్, ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్లు, ప్రింటర్ డ్రైవర్లు, ఏళ్ల తరబడి సర్దుకున్న సెట్టింగులు కాపీ పేస్టుకు లొంగవు. అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలంటే రెండు రోజులు పని ఆగిపోతుంది. అందుకే సి ఉన్న పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) మొత్తాన్నీ ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీసి పెట్టుకుంటాను.

క్లోన్‌జిల్లా ఉచితం, ఓపెన్ సోర్స్. తైవాన్‌లోని జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రం వాళ్లు తయారుచేస్తున్నారు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్‌ను బూట్ చేయాలి, అంటే విండోస్ బదులు దాంతోనే తెరవాలి. ఒకపక్క పని చేసుకుంటూ ఇంకోపక్క బ్యాకప్ తీద్దామంటే కుదరదు.

మొదటి ప్రయత్నం దెబ్బతింది, తప్పు నాదే. విండోస్‌ను షట్‌డౌన్ చేశాను కదా, ఆగిపోయిందనుకున్నాను. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే అది పూర్తిగా ఆగదు. సగం నిద్రలో ఉంటుంది, విండోస్ ఫైళ్లుండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ సరిగా మూసుకోదు. అలాంటి పార్టిషన్‌ను ముట్టుకోనని క్లోన్‌జిల్లా మొరాయించింది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద నొక్కితే పూర్తిగా ఆగుతుందని ఆ తర్వాత తెలిసింది.

నా సి డ్రైవ్ 120 జీబీ. అందులో నిండింది 67. క్లోన్‌జిల్లా ఖాళీ జాగాను వదిలేసి డేటా ఉన్న బ్లాకులనే చదువుతుంది, చదివినదాన్ని కుదించి రాస్తుంది. 12 నిమిషాల్లో 38 జీబీ ఇమేజ్ చేతికొచ్చింది. బిట్‌లాకర్ (విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్) తాళం ఉన్న పార్టిషన్ అయితే ఈ సుఖం ఉండదు. లోపల ఏది ఖాళీయో దానికి తెలియదు కాబట్టి అంతా మోసుకొస్తుంది. ఇంకో మాట: సి తోపాటు 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కూ గుర్తు పెట్టండి. బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే.

ఇమేజ్‌ను తిరిగి డ్రైవ్‌లోకి ఎక్కించే (రిస్టోర్) అవసరం మొన్న పడింది. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చబోయి విండోస్‌ను చెడగొట్టుకున్నాను. సేఫ్ మోడ్‌లో తప్ప తెరుచుకోవడం లేదు. చేతిలో ఉన్న ఇమేజ్ 11 రోజుల నాటిది. డెస్క్‌టాప్ మీద పడేసిన ఫైళ్లు కూడా సి లోనివే అని అప్పుడు వెలిగింది. వాటిని కాపీ చేసుకున్నాను. ఇంకేం మర్చిపోయానో అన్న అనుమానంతో, చెడిపోయిన సి డ్రైవ్‌కే మరో ఇమేజ్ తీశాను. ఈ రెండేళ్లలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

రిస్టోర్ చేసేటప్పుడు మాత్రం గుండె దడే. తెర మీద సి, డి అని ఉండదు. ఎస్‌డీఏ1, ఎన్‌వీఎమ్‌ఈ0ఎన్1పీ3 లాంటి పేర్లుంటాయి. పక్కనే సైజు, డిస్క్ మోడల్ కనిపిస్తాయి, నేను వాటినే నమ్ముకున్నాను. పొరపాటున డి ని ఎంచుకుంటే నా పనంతా తుడిచిపెట్టుకుపోతుంది. వై నొక్కి సరే అన్నాక "ఇంకోసారి అడుగుతున్నా" అన్నట్టు మళ్లీ అడుగుతుంది. రెండోసారి అడిగినప్పుడు లేచి మంచినీళ్లు తాగొచ్చి, సైజు మళ్లీ సరిచూసుకుని వై కొట్టాను. 8 నిమిషాలు పట్టింది. పదకొండు రోజుల కిందటి వాల్‌పేపర్‌తో సహా విండోస్ లేచి కూర్చుంది.

రెండో రోజు తెలిసింది, స్పెల్‌చెక్‌కు నేను చేర్చుకున్న మాటల ఫైలు పాతదైపోయిందని. కొత్తది చెడిపోయిన సి డ్రైవ్‌కు తీసిన ఇమేజ్‌లో ఉంది. కానీ ఇమేజ్ లోంచి ఒక్క ఫైలు తీసుకునే సులువైన దారి క్లోన్‌జిల్లాలో లేదు. ఇక్కడ రెస్క్యూజిల్లా ఆదుకుంది. అది కూడా ఉచితమే, క్లోన్‌జిల్లా ఇమేజ్‌లను చదవగలదు, పైగా మౌస్ పనిచేస్తుంది. ఇమేజ్ తెరిచి ఆ ఫైలు బయటికి లాగాను.

క్లోన్‌జిల్లాతో ఇంకో రెండు పేచీలున్నాయి. మారినంత మేరకే బ్యాకప్ తీయడం దానికి రాదు, ప్రతిసారీ 38 జీబీ మొదటి నుంచీ రాయాల్సిందే. ఇక, రిస్టోర్ చేసే పార్టిషన్ పాతదానంత గానీ అంతకన్నా పెద్దదిగా గానీ ఉండాలి. నిండింది 67 జీబీయే కదా, 100 జీబీలో పెడదామంటే ఒప్పుకోదు. ముందే పార్టిషన్ల సైజు మార్చే జీపార్టెడ్‌తో కుదించి, ఆ తర్వాత ఇమేజ్ తీసుకోవాలి.

కొత్తవాళ్లెవరైనా అడిగితే రెస్క్యూజిల్లాతో మొదలుపెట్టమంటాను. నేను మాత్రం ఆ అక్షరాల పెట్టెకు అలవాటు పడిపోయాను. ఇమేజ్ తీశాక అది బాగుందో లేదో సరిచూడమంటావా అని అడిగితే, ఎంత తొందరలో ఉన్నా సరే అంటాను. నా పెన్‌డ్రైవ్‌కు చిన్న కాగితం ముక్క అతికించి దాని మీద "షిఫ్ట్" అని రాసుకున్నాను.